నిజిసంజి ఇండియా మూతపడింది ప్రేక్షకులు లేకనేనా?

భారతీయ వీట్యూబర్ల ప్రస్తావన వస్తే చాలు, ఒక మాట చేతులు మారుతూనే ఉంటుంది: "నిజిసంజి అంతటి పెద్ద కంపెనీయే ఇండియాలో బ్రాంచి పెట్టి, నడపలేక మూసేసింది. మనవాళ్లు ఇలాంటివి చూడరు, చూసినా పైసా తీయరు. ఇక్కడ ఇది ఎదగదు." ముఖం చూపించకుండా, కదలికలను పట్టే సాఫ్ట్‌వేర్ సాయంతో ఒక బొమ్మ పాత్రగా లైవ్ చేసేవాళ్లు వీట్యూబర్లు. అలాంటివాళ్లను నడిపే జపాన్ ఏజెన్సీ నిజిసంజి. బొమ్మ గీయించుకుని, మైకు కొనుక్కుని మొదలుపెడదామనుకునే మన పిల్లలకు ముందుగా ఎదురయ్యేది ఈ మాటే. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను. ఇందులో డబ్బు గురించిన ముక్కలో కొంత నిజం ఉంది. మిగతాది నిలబడదు.

ముందు "అంతటి పెద్ద కంపెనీ" సంగతి. ఆద్య, నూర్, విహాన్ అనే మూడు పాత్రలతో 2020 ఆరంభంలో ఇండియా బ్రాంచి మొదలైనప్పుడు దాని యజమాని పేరు ఇచికారా. రికు తజుమి విద్యార్థిగా ఉండగానే 2017లో పెట్టిన స్టార్టప్ అది. ఎనీకలర్ అన్న పేరు 2021లో వచ్చింది. టోక్యో స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లిస్ట్ అయింది 2022 జూన్‌లో. అప్పటికే ఇండియా బ్రాంచి మూతపడి ఏడాది దాటింది. ఇవాళ్టి ఎనీకలర్ స్థాయిని తీసుకెళ్లి 2020 నాటి ఇచికారాకు అంటగడుతున్నారు.

ఇక "నడపలేక మూసేసింది" అన్నది. ఎంత ప్రయత్నం చేసి నడపలేకపోయిందో చూడొద్దా? ఈ రంగంలో కొత్తవాళ్లు బ్యాచ్‌లుగా వస్తారు, వాటినే వేవ్ అనీ జనరేషన్ అనీ అంటారు. ఒక బ్యాచ్ రాగానే పాతవాళ్లకూ కొత్త చూపరులు దొరుకుతారు, కలిసి ఆడే ఆటలు పెరుగుతాయి, క్లిప్పులు తిరుగుతాయి. నిజిసంజికి పోటీ అయిన హోలోలైవ్ 2020 ఏప్రిల్‌లో ఇండోనేషియాలో అడుగుపెట్టింది. అక్కడా ముగ్గురితోనే. కానీ అదే ఏడాది డిసెంబరులో ఇంకో ముగ్గురిని తెచ్చింది, 2022 మార్చిలో మరో ముగ్గురిని. మిలియన్ సబ్‌స్క్రైబర్లు దాటి ఇండోనేషియా బ్రాంచికి పెద్ద పేరు తెచ్చిన కోబో కనాయెరు ఆ మూడో జనరేషన్ అమ్మాయి. నిజిసంజి సొంత ఇంగ్లీషు బ్రాంచి కథా ఇంతే. 2021 మేలో లాజులైట్ అనే బ్యాచ్‌తో మొదలై, ఆబ్సిడియా, ఎథీరియా వచ్చి, ఆ డిసెంబరులో అందరూ మగవాళ్లే ఉన్న లక్సియం దిగాక గానీ అసలు ఊపు రాలేదు. అంటే నాలుగో వేవ్. ఇండియాకు రెండోదే రాలేదు. ఒక్క కారు పంట వేసి, ఎరువు మానేసి, నేలలో సారం లేదనడం ఏం న్యాయం?

తేదీలు కూడా చూడండి. ఇండియా బ్రాంచి 2021లో ఆగింది. అదే ఏడాది మేలో ఇంగ్లీషు బ్రాంచి మొదలైంది. కంపెనీ తన శక్తిని ఎటు మళ్లించిందో అర్థమవుతూనే ఉంది. 2022 ఏప్రిల్‌లో కొరియా, ఇండోనేషియా బ్రాంచీలను కూడా విడిగా ఉంచకుండా జపాన్ బ్రాంచిలో కలిపేసింది. అది చూసి కొరియావాళ్లకు వీట్యూబర్లంటే ఇష్టం లేదని ఎవరూ తేల్చలేదు. మన విషయంలోనే ఆ తీర్పు ఎందుకు?

"మనవాళ్లు లైవ్ చూడరు" అన్నదానికి పెద్ద జవాబు అక్కర్లేదు. ఆ రోజుల్లోనే డైనమో, మోర్టల్ అనే మన గేమర్ల పబ్జీ లైవ్‌లను పదుల వేల మంది ఒకేసారి చూసేవారు. 2020 సెప్టెంబరు 2న పబ్జీ మొబైల్‌ను నిషేధించినప్పుడు ఆ జనమంతా దిక్కుతోచక వెతుక్కున్నారు. ఉన్న ప్రేక్షకులను కొత్త రకం స్ట్రీమ్ వైపు తిప్పుకోవడానికి టైమ్ పడుతుంది, అంతే.

డబ్బు సంగతి మాత్రం ఒప్పుకుంటాను. జపాన్ అభిమాని లైవ్‌లో అలవోకగా పంపే పది వేల యెన్ల సూపర్ చాట్ (డబ్బు కట్టి చాట్‌లో పెట్టే సందేశం) మన దగ్గర ఒక కాలేజీ కుర్రాడి నెల ఖర్చు. అయితే ఎనీకలర్‌కు లైవ్‌లలో వచ్చేదానికన్నా వస్తువుల అమ్మకాల్లో వచ్చేదే చాలా ఎక్కువ. అరచేతిలో పట్టే యాక్రిలిక్ స్టాండ్, అంటే పాత్ర బొమ్మ అచ్చువేసిన ప్లాస్టిక్ ముక్క, ఒకటి జపాన్ నుంచి తెప్పించుకోండి. షిప్పింగ్, కస్టమ్స్ కలిపితే బొమ్మ ధరను మించిపోవచ్చు. కొనాలన్న కోరిక ఉన్నవాడు కూడా కార్ట్ దాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తాడు. ఇక్కడే అచ్చువేసి, ఇక్కడి ధరకు అమ్మి, అప్పుడూ ఎవరూ కొనకపోతే ఆ మాట అనొచ్చు.

భాష గురించి ఈ వాదన చేసేవాళ్లు ఎత్తనే ఎత్తరు. జపాన్‌కు జపనీస్, ఇండోనేషియాకు బహాసా సరిపోతాయి. ఇండియా అంతటికీ కలిపి ఇంగ్లీషు, హిందీలతో ముగ్గురు. విజయవాడలోనో వరంగల్‌లోనో ఇంటర్ చదివే పిల్ల కడుపుబ్బ నవ్వేది తెలుగులో పేలిన జోకుకు. జపాన్ యానిమేషన్ సిరీస్‌లను చూపించే స్ట్రీమింగ్ సైటు క్రంచిరోల్ ఇప్పుడు ఆ యానిమేలకు తెలుగు డబ్బింగులు చేయిస్తోంది. చూసేవాళ్లు లేకుండానే ఖర్చు పెడుతోందా?

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. కంపెనీ వీట్యూబర్ విషయంలో పాత్ర పేరు, బొమ్మ, చానల్ అన్నీ మామూలుగా కంపెనీ ఆస్తి. బ్రాంచి ఆగిపోతే ఆ గొంతు వెనకున్న మనిషి రోజూ చాట్‌లో పలకరించిన జనాన్ని సైతం వదిలేసి, వేరే పేరుతో సున్నా నుంచి మొదలుపెట్టాలి. ఆ నష్టం మోసినవాళ్లనూ, వాళ్లను చూసినవాళ్లనూ పట్టుకుని "మీవల్లే పోయింది" అనడం అన్యాయం.

ఇండియాలో ఇప్పుడు స్వతంత్రంగా చేస్తున్న వీట్యూబర్లకు మోడల్ (తెర మీద కదిలే బొమ్మ) సొంతం, చానల్ సొంతం. వంద మందే చూసినా, ఆపెయ్యమని టోక్యో నుంచి మెయిల్ రాదు. రేపు ఏ ఏజెన్సీ అయినా ఆఫర్‌తో వస్తే, సంతకానికి ముందే అడగండి: బ్రాంచి మూసేస్తే పాత్ర ఎవరిది, చానల్ ఎవరికి, రెండో బ్యాచ్ ఎప్పుడు?