సవరణ: థెల్మా రిట్టర్‌కు అవార్డే రాలేదన్నది తప్పు

హాలీవుడ్ క్యారెక్టర్ నటి థెల్మా రిట్టర్ గురించి మొన్న రాసిన పోస్టులో, ఆమెకు జీవితంలో ఒక్క పెద్ద అవార్డు కూడా రాలేదన్నాను. అది తప్పు. రాలేదన్న మాట ఆస్కార్ వరకే నిజం. ఉత్తమ సహాయ నటిగా ఆరుసార్లు నామినేట్ అయినా, ఒక్కసారీ గెలవలేదు. కానీ 1958లో న్యూయార్క్ బ్రాడ్‌వేలో ఆడిన సంగీత నాటకం ‘న్యూ గర్ల్ ఇన్ టౌన్’కు, అక్కడి నాటకరంగంలో పెద్దదైన టోనీ అవార్డు అందుకుంది. ఆ ఏడాది ఓట్లు సమానమై, అదే నాటకంలో నటించిన గ్వెన్ వెర్డన్‌తో కలిసి పంచుకుంది. సినిమా లెక్కలే చూసి నాటకరంగాన్ని వదిలేయడం నా పొరపాటు.

ఇంకొకటి. ‘రియర్ విండో’ సినిమాలో ఆమె వేసిన నర్సు స్టెల్లా పాత్రకూ ఆస్కార్ నామినేషన్ వచ్చిందని రాశాను. రాలేదు. ఆ పాత్రే అందరికీ గుర్తుండటంతో వచ్చే ఉంటుందనుకున్నాను (నాకిప్పటికీ రావాల్సిందనే అనిపిస్తుంది). నిజంగా వచ్చినవి 1950, 51, 52, 53, 59, 62 సంవత్సరాల సినిమాలకు. ఆస్కార్, టోనీ అధికారిక జాబితాల్లో రెండూ సరిచూశాను. పాత పోస్టులోనూ మార్చాను.

ఆమె సినిమా ప్రయాణం 1947లో ‘మిరకిల్ ఆన్ 34త్ స్ట్రీట్’లో టైటిల్స్‌లో పేరైనా లేని చిన్న పాత్రతో మొదలైందని ఆ పోస్టులో రాసింది మాత్రం సరైనదే.