ముందు ఏ పని ఆపుతారు?

కష్టకాలం మొదలైన తొలి నెల ఏ సంస్థలోనైనా ఒకేలా ఉంటుంది. అందరూ ఒక్కటవుతారు, రాత్రుళ్లు మేలుకుని పని చేస్తారు, పైవాళ్లు శభాష్ అంటారు. అసలు పరీక్ష ఏడాది దాటాక వస్తుంది. కోవిడ్‌నే తీసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ప్రకటించింది 2020 జనవరి 30న, ఎత్తేసింది 2023 మే 5న. మూడేళ్లకు పైనే! అంతకాలం ఊపిరి బిగబట్టి ఎవరు పనిచేయగలరు?

అయినా యాజమాన్యాలకు తెలిసిన మందు ఒకటే, ధైర్యం చెప్పడం. ‘మనమంతా ఒక కుటుంబం’ అని ఓ మెయిల్, టెన్షన్ తగ్గించుకోవడం ఎలాగో చెప్పే ఓ వెబినార్. అది కూడా సరిగ్గా డెడ్‌లైన్ ముందురోజే పెడతారు. జనం కెమెరా ఆపేసి, పక్క స్క్రీన్ మీద పని చేసుకుంటూ వింటారు.

నన్నడిగితే అప్పుడు నాయకుడు ముందు చేయాల్సింది పని తగ్గించడం. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నౌట్‌ను, అంటే పనివల్ల మనిషి పూర్తిగా అలసి చతికిలపడటాన్ని, జబ్బుగా లెక్కించలేదు. పనిచోట చాలాకాలంగా ఉండి, అదుపులోకి రాని ఒత్తిడి వల్ల వచ్చేదని చెప్పింది. కారణం పనిలో ఉంటే ఉద్యోగికి ధ్యానం నేర్పి ఏం లాభం?

1915లో అంటార్కిటికా మంచులో చిక్కుకుని ఎండ్యూరెన్స్ ఓడ నలిగిపోయింది. మనిషికి రెండు పౌండ్లకు మించి సొంత సామాను ఉండకూడదని నాయకుడు షాకిల్టన్ ఆదేశించాడు. ముందుగా తన బంగారు నాణేలే మంచులో పడేశాడు. కానీ వాతావరణ శాస్త్రవేత్త హస్సీ దగ్గరున్న బాంజో అనే తీగవాయిద్యాన్ని మాత్రం పారేయనివ్వలేదు, మనసులు నిలబడాలంటే అది కావాలన్నాడు. ఆ ఓడలోని 28 మందీ బతికి బయటపడ్డారు. చాలామంది ఆయన ధైర్యాన్ని మెచ్చుకుంటారు. నాకు నచ్చింది మాత్రం ఆ ఏరివేత.

మన ఆఫీసుల్లో జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు. డబ్బు కటకట రాగానే ట్రైనింగ్ ఆగిపోతుంది, టీమంతా కలిసి కూర్చునే పూట పోతుంది. ఎవరూ చదవని వారపు రిపోర్టు మాత్రం ఆగదు, పైగా దానికో కొత్త కాలమ్ చేరుతుంది.

అందరికంటే ఎక్కువగా నలిగేది మధ్యలో ఉన్న మేనేజర్లు. పైనుంచి వచ్చిన కోపం దిగమింగాలి, కిందివాళ్ల భయానికి సమాధానం చెప్పాలి. రాత్రి పదకొండుకి డైరెక్టర్ మెసేజ్ పెడతాడు: ‘అర్జెంటేం కాదు, వీలున్నప్పుడు చూడండి.’ పది నిమిషాల్లో జవాబు వెళ్లిపోతుంది. ఉద్యోగాలు తీసేస్తారన్న పుకార్లు తిరుగుతున్నప్పుడు, వీలున్నప్పుడు అంటే ఇప్పుడే అని అర్థం చేసుకోని వాళ్లుంటారా? ఆ పుకార్లకైనా మందు ధైర్యవచనం కాదు. ఇప్పటికి తెలిసింది ఇది, తేలనిది ఇది, ఫలానా తేదీన మళ్లీ చెబుతాం అంటే చాలు. చెప్పడానికి కొత్తగా ఏమీ లేకపోయినా ఆ రోజున వచ్చి ఆ ముక్కే చెప్పాలి.

పనులు ఆపితే కస్టమర్లు పోరా అంటారు. కొందరు పోవచ్చు. కానీ అలసిపోయిన మనుషులు చేసే తప్పులకూ పోతున్నారు, అది ఏ లెక్కలోనూ రాదు. ఏది ఆపాలో టీమ్ లీడ్‌కి తెలుసు, ఆపే అధికారమే అతనికి లేదు. అది పెద్ద కుర్చీలో ఉన్నవాళ్లే సంతకం పెట్టి చెప్పాలి, వాళ్లకు ఇష్టమైన ప్రాజెక్టుతో మొదలుపెట్టి.