సెకండ్ హ్యాండ్ బోటుకి దొంగ ధర రాయించకండి

డల్లాస్ చుట్టుపక్కల ఎండలు ముదిరేసరికి మన వాట్సాప్ గ్రూపుల్లో బోట్ల కబుర్లు మొదలవుతాయి. లూయిస్‌విల్ లేక్‌కి వెళ్దామా, టెక్సోమాకి వెళ్దామా, ఎవరి దగ్గర మంచి బోటు అమ్మకానికి ఉంది అంటూ. ఆ కబుర్ల మధ్యలో ఒక సలహా తప్పకుండా వస్తుంది. "పన్నెండు వేలకి కొన్నా కాగితం మీద రెండు వేలే రాయించుకో బ్రదర్. అమ్మేవాడికి పోయేదేం లేదు, నీకు ట్యాక్స్ మిగులుతుంది. అందరూ చేసేదే."

ఈ మాట వినగానే నాకు ఒళ్లు మండుతుంది. చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు, వాళ్ల మీద నాకు కోపం లేదు. ఊళ్లో స్థలం కొన్నా ఫ్లాటు కొన్నా డాక్యుమెంట్ విలువ ఒకటి, చేతులు మారే డబ్బు ఇంకొకటి. చిన్నప్పటి నుంచి అదే చూస్తూ పెరిగాం, ఇక్కడికి వచ్చినా ఆ అలవాటు వదల్లేదు. కానీ వీసా మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్నవాళ్లకి ఆ అలవాటు వల్ల జరిగే నష్టం, మిగిలే ట్యాక్స్ కన్నా చాలా పెద్దది. ఈ సంగతి గ్రూపులో ఎవరూ చెప్పడం లేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

ముందు పన్ను సంగతి. టెక్సస్‌లో పక్కింటాయన దగ్గర పాత సోఫా కొంటే సేల్స్ ట్యాక్స్ ఉండదు. ఎప్పుడో ఒకసారి అమ్ముకునే ఇంటి సామానుకి మినహాయింపు ఉంది. బోటుకీ అంతేనని చాలామంది అనుకుంటారు. బోటు ఆ లెక్కలోకి రాదు. బోట్లకీ వాటి మోటార్లకీ ట్యాక్స్ కోడ్‌లో 160వ అధ్యాయమని విడిగా ఒకటి ఉంది. షోరూమ్‌లో కొన్నా, ఎవరి గరాజ్ ముందో నిలబడి కొన్నా 6.25 శాతం కట్టాల్సిందే. డీలర్ దగ్గరైతే వాళ్లే వసూలు చేసి కట్టేస్తారు. ప్రైవేటుగా కొంటే ఆ బాధ్యత కొన్నవాళ్లది. బోటు చేతికొచ్చాక 45 పనిదినాల గడువు ఉంటుంది. అది దాటితే మొదటి 30 రోజుల వరకు 5 శాతం, ఆ పైన 10 శాతం పెనాల్టీ.

నాకు తమ్ముడి వరసయ్యే కుర్రాడు ఈమధ్య పన్నెండు వేల డాలర్లకి బోటు బేరం చేశాడు. పద్దెనిమిది అడుగుల ఫిషింగ్ బోటు, వెనక బయటివైపు బిగించే అవుట్‌బోర్డ్ మోటారు, కింద ట్రైలర్. బిల్ ఆఫ్ సేల్‌లో, అంటే అమ్మకం కాగితంలో, బోటుకి 6,500, మోటారుకి 4,500, ట్రైలర్‌కి 1,000 అని విడివిడిగా రాయించాం. బోటు, మోటారు కలిపి 11,000 మీద ట్యాక్స్ 687 డాలర్ల 50 సెంట్లు. ట్రైలర్ మీద 62 డాలర్ల 50 సెంట్లు. వెరసి 750. బోటు టైటిల్‌కి, అంటే యజమాని ఎవరో చెప్పే పత్రానికి, 27, మోటారు టైటిల్‌కి ఇంకో 27, ఆ సైజు బోటుకి రెండేళ్ల రిజిస్ట్రేషన్ 53. అదే మొత్తం రెండు వేలకే కొన్నట్టు రాయిస్తే ట్యాక్స్ 125 డాలర్లతో పోయేది. అంటే మిగిలేది 625 డాలర్లు.

ఆ 625 కోసం ఏం ఒప్పుకుంటున్నామో చూడండి. బోటు మన పేరుకి మార్చుకోవడానికి, ట్యాక్స్ కట్టడానికి ఇచ్చే ఫారం మీద కింద సంతకం మనది. పైన రాసినవన్నీ నిజమేనని ఒక ప్రభుత్వ శాఖకి రాసిచ్చే సంతకం అది. రేపు పౌరసత్వానికి ఎన్-400 దరఖాస్తు నింపేటప్పుడు, అరెస్టు కాకపోయినా ఎప్పుడైనా నేరం చేశారా అని అడుగుతారు. అక్కడ లేదు అని టిక్ పెట్టేటప్పుడు ఈ సంతకం గుర్తు రాకుండా ఉంటుందా? పదిహేనేళ్లు లైన్లో నిలబడి, ప్రతి వీసా స్టాంపింగ్‌కీ టెన్షన్ పడి, పిల్లల చదువులు ఇక్కడే పెట్టుకున్నవాళ్లం. ఒక బోటు ట్యాక్స్ కోసం ఆ కష్టమంతా ఎందుకు పణంగా పెట్టాలి?

సరే, ఎవరికీ తెలియదనే అనుకుందాం. కొన్న నెలకే మోటారు బ్లాక్ పగిలి ఉందని బయటపడింది. అమ్మినవాడు సంగతి తెలిసే దాచాడు. టెక్సస్‌లో జస్టిస్ కోర్టుకి వెళ్తే 20,000 డాలర్ల వరకు దావా వేసుకోవచ్చు, లాయర్ కూడా అక్కర్లేదు. కానీ జడ్జి ముందు పెట్టే కాగితం మీద ఉన్న ధర రెండు వేలు. మిగతా పదివేలు ఇచ్చానని మనం ఎలా చెప్పగలం? చెబితే మన అబద్ధం మనమే ఒప్పుకున్నట్టు, చెప్పకపోతే డబ్బు పోయినట్టు. బోటు దొంగలు ఎత్తుకుపోతే ఇన్సూరెన్స్ వాళ్లు ముందుగా అడిగేదీ అదే బిల్లు. మూడేళ్ల తర్వాత మీరు అమ్ముకోబోతే, కొనేవాడు మీ పాత బిల్లు చూపించమన్నాడంటే అప్పుడేం చూపిస్తారు? దొంగ ధర వల్ల మేలు జరిగేది అమ్మేవాడికే. వాడి చేతికి పన్నెండు వేలూ వచ్చాయి, బాధ్యత మాత్రం రెండు వేలకే.

ఇంకో సంగతి. కాగితం మీద ధర తక్కువ రాయడానికి వెంటనే ఒప్పుకునే అమ్మకందారుని చూస్తే నాకు అనుమానం వస్తుంది. ఆ మాట అంత తేలిగ్గా అనగలిగినవాడు టైటిల్ విషయంలో మాత్రం నిజాయితీగా ఉంటాడని ఎలా నమ్మాలి?

మా తమ్ముడి బోటు చూడ్డానికి వెళ్లిన రోజు అమ్మే పెద్దాయన ముందుగానే అన్నాడు, "ఎంత రాయమంటే అంత రాస్తాను" అని. మేం వద్దన్నాం. తర్వాత బోటు చుట్టూ తిరిగి నంబర్లు చూడటం మొదలుపెట్టాం. బోటు వెనక పలక మీద కుడివైపు పైభాగంలో హల్ నంబరు, అంటే ఆ బోటు గుర్తింపు నంబరు, ఉంటుంది, పన్నెండు అక్షరాలూ అంకెలూ కలిపి. 1972 నవంబరు నుంచి తయారైన ప్రతి బోటుకీ అది ఉండాలి. మొదటి మూడు అక్షరాలు తయారీదారు కోడ్, 1984 తర్వాతి బోట్లకైతే చివరి రెండంకెలు మోడల్ సంవత్సరం. ఎండకి పెయింట్ పొట్టులేచి అక్షరాలు సగం చెరిగి ఉన్నాయి. ఫోన్ టార్చ్ పక్క నుంచి ఏటవాలుగా వేస్తే గానీ ఉబ్బెత్తుగా ఉన్న అంచులు కనపడలేదు. ఒక్కొక్క అక్షరం వేలితో తడిమి, టైటిల్‌తో సరిపోల్చాం. అన్నీ కలిశాయి.

మోటారు దగ్గరికి వచ్చాం. బోటుకి బిగించే బ్రాకెట్ మీద చిన్న రేకు, దాని మీద సీరియల్ నంబరు. గ్రీజు పట్టి ఉంటే గుడ్డతో తుడిచాం. పెద్దాయన చేతిలో ఉన్న మోటారు టైటిల్ మీద నంబరుతో అది అసలు కలవలేదు. అడిగితే అప్పుడు చెప్పాడు: పాత మోటారు పాడైతే ఐదారేళ్ల కింద వేరే అతని దగ్గర ఈ మోటారు కొని బిగించాడట, తన పేరు మీద ఎప్పుడూ మార్పించుకోలేదట. ఆయన మోసగాడని నేను అనను. కానీ టెక్సస్‌లో అవుట్‌బోర్డ్ మోటారుకి బోటుతో సంబంధం లేకుండా సొంత టైటిల్ ఉంటుంది. రికార్డులో చివరి యజమాని సంతకం లేకపోతే అది మన పేరుకి మారదు. మావాడు అప్పటికే క్యాష్ కవరు బయటికి తీశాడు. "కవరు లోపల పెట్టరా, ముందు ఆయన్ని ఆ మోటారు తన పేరు మీదికి తెచ్చుకోనీ" అన్నాను. పెద్దాయన కాస్త నొచ్చుకున్నాడు గానీ, పాత ఓనర్ని వెతికి పట్టుకుని ఆ పని చేసుకొచ్చాడు. ఆ తర్వాతే డబ్బు ఇచ్చాం.

ఆ రోజు క్యాష్ ఇచ్చి ట్రైలర్ తగిలించుకుని వచ్చేసి ఉంటే ఏమయ్యేది? ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి సంతకం కోసం మావాడు తిరగాల్సి వచ్చేది. అందుకే ట్యాక్స్ ఎలా తగ్గించుకోవాలి అని అడిగేవాళ్లకి నా సమాధానం ఒక్కటే: మీరు అడగాల్సిన ప్రశ్న అది కాదు. టైటిళ్లు రెండూ అమ్మేవాడి పేరు మీద ఉన్నాయా, బ్యాంకు అప్పు ఏమైనా ఉందా, నంబర్లు కలిశాయా అన్నవి ముందు చూడండి. టీఎక్స్ నంబరో (బోటు రిజిస్ట్రేషన్ నంబరు) హల్ నంబరో ఇస్తే ప్రస్తుత యజమాని ఎవరో, అప్పు ఎవరికి ఉందో, బోట్ల టైటిళ్లు చూసే రాష్ట్ర శాఖ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్ దగ్గర తెలుసుకోవచ్చు. ఇంటి నుంచి బయల్దేరకముందే చేయగలిగిన పని ఇది.

ఇంతా చెప్పి ప్రభుత్వాన్ని వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. ఈ పద్ధతి మీద నాకు గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. బోటుకి పీడబ్ల్యూడీ 143 ఫారం, మోటారుకి 144, ట్రైలర్‌కి 130-యూ. మొదటి రెండూ పార్క్స్ వాళ్లవి, మూడోది మోటారు వాహనాల శాఖది, కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో ఇవ్వాలి. బోటు కాగితాలు కూడా తీసుకునే కౌంటీ ఆఫీసులు కొన్ని ఉన్నాయి, తీసుకోనివీ ఉన్నాయి. ఒకే రోజు ఒకే మనిషి దగ్గర కొన్న ఒకే సరుకుకి ఇన్ని ముక్కలెందుకు? రోజుకూలీ మీద బతికేవాడు చిన్న చేపల బోటు కొనుక్కుంటే, ఈ కాగితాల కోసం సెలవు పెట్టుకోవాలి. చాలా రాష్ట్రాల్లో అవుట్‌బోర్డ్ మోటారుకి విడిగా టైటిలే లేదు. ఇక్కడ దొంగతనాలు అరికట్టడానికి అది పనికొస్తుందంటే ఒప్పుకుంటాను, కానీ మూడింటికీ కలిపి ఒక కౌంటరు, ఒక ఫారం ఎందుకు పెట్టలేరు?

దీనికన్నా నాకు కడుపు మండే సంగతి ఇంకొకటి ఉంది. 2019 సెప్టెంబరు 1 నుంచి బోటు మీద ట్యాక్స్‌కి గరిష్ఠ పరిమితి పెట్టారు. 18,750 డాలర్లు దాటి ఎవరూ కట్టక్కర్లేదు. 6.25 శాతం లెక్కన చూస్తే మూడు లక్షల డాలర్ల బోటు దగ్గర అది ఆగిపోతుంది. పది లక్షల యాచ్ కొన్నవాడూ అంతే కడతాడు, అంటే వాడికి పడేది రెండు శాతం కూడా కాదు. నాలుగు వేల పాత బోటు కొన్నవాడు మాత్రం పూర్తి ఆరుంపావు శాతం, 250 డాలర్లు, కట్టి తీరాలి. పైగా ఆ పాత బోటు చేతులు మారినప్పుడల్లా మళ్లీ కట్టాలి. పరిమితి లేకపోతే పెద్ద బోట్లవాళ్లు ఫ్లోరిడాకి వెళ్లి కొంటారన్నది ఆ పరిమితిని సమర్థించేవాళ్ల వాదన. నిజమే కావచ్చు. అయితే మామూలు జనం కొనే పాత బోటుకి కూడా ఒక కింది పరిమితి పెట్టొచ్చు కదా? ఐదు వేల లోపు సెకండ్ హ్యాండ్ బోట్లకి ట్యాక్స్ లేదంటే, దొంగ ధరలు రాయించే అవసరం సగం మందికి ఉండదు.

అన్యాయం ఉంది కదా అని రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా, స్టిక్కర్ లేకుండా లేక్‌లోకి దిగడం మాత్రం సమర్థించలేను. చిన్న ఎలక్ట్రిక్ ట్రోలింగ్ మోటారు బిగించినా సరే, మోటారు ఉందంటే రిజిస్ట్రేషన్ కావాలి. ముందు భాగంలో రెండువైపులా మూడంగుళాలకి తగ్గని అక్షరాలతో నంబరు ఉండాలి. లేకుల మీద తనిఖీ చేసే అధికారి గేమ్ వార్డెన్ దూరం నుంచి చూసి ఆ బోటు ఎవరిదో తేల్చేది దాంతోనే. తుఫాను గాలికి ఖాళీ బోటు కొట్టుకొస్తే, అందులో మనుషులు ఉండాలా లేదా అని ఫోన్ చేసి అడగడానికి ఒక పేరు దొరికేదీ దాంతోనే. అంతేకాదు, బోటింగ్ భద్రతకి ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్రాలకి ఇచ్చే నిధిలో మూడో వంతు, ఆ రాష్ట్రంలో నంబరున్న బోట్లు ఎన్ని ఉన్నాయన్న దాన్నిబట్టి పంచుతారు. మీ బోటు రిజిస్టర్ కాకపోతే ఆ లెక్కలో లేనట్టే.

మన దగ్గర 2017 నవంబరు 12న, కార్తీక మాసం ఆదివారం, విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద బోటు తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయారు. హారతి చూడ్డానికి ఒంగోలు నుంచి కుటుంబాలతో వచ్చినవాళ్లే ఎక్కువ. ఆ బోటు నడపడానికి అనుమతి లేదు. ఆ వార్తలు చదివిన రోజు నుంచీ బోటు కాగితాలంటే నాకు ట్యాక్స్ రసీదులుగా కనపడటం మానేశాయి. అది ఎవరి బోటు, ఎవరు చూశారు, ఎవరు తిరగనిచ్చారు అన్నది ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఇక్కడ ఆ రాసే పద్ధతి ఉంది. దాన్ని మనమే అబద్ధాలతో నింపకూడదు.

టెక్సస్ శాసనసభ మళ్లీ 2027 జనవరిలో కూర్చుంటుంది. చిన్న బోట్లకి కింది పరిమితి, మూడింటికీ ఒకే కౌంటరు అడుగుతూ మా ప్రతినిధి ఆఫీసుకి ఉత్తరం రాశాను. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లో మనవాళ్ల ఓట్లు తక్కువేం లేవు. ఓటు లేకపోయినా ఇక్కడ ట్యాక్స్ కట్టేవాళ్లు ఎవరైనా రాయొచ్చు. ఉత్తరం కాపీ కావాలన్నవాళ్లు మెసేజ్ పెట్టండి, పంపిస్తాను. మీ పేరు, అడ్రసు మార్చుకుని పంపితే చాలు.