రియాక్టర్ చిన్నదైంది సరే, ప్లాంటు చిన్నదైందా?

పులిహోరకి అన్నం వండాక గిన్నెలోనే వదిలేసి ఎవరూ చల్లార్చరు, వెడల్పాటి బేసిన్లో పరిచేస్తారు, లేకపోతే పైన ఆరినట్టే ఉంటుంది గానీ లోపల పొగలు కక్కుతూనే ఉండి చివరికి ముద్దైపోతుంది. మైక్రోఛానల్ రియాక్టర్ ఐడియా కూడా దాదాపు ఇంతే. వేడి పుట్టే రియాక్షన్‌ని లావుపాటి ట్యూబులో కాకుండా మిల్లీమీటర్ అటూ ఇటూ వెడల్పుండే సన్నటి దారుల్లో నడిపించి, పక్క దారిలో నీళ్లు పంపి వేడి పుట్టినచోటే లాగేస్తారు.

నేను కెమికల్ ఇంజినీరింగ్ చదివేటప్పుడు ఒక బల్క్ డ్రగ్ యూనిట్‌కి ట్రైనింగ్‌కి వెళ్లా. అక్కడ ఆపరేటర్ లోపల గాజు పూత ఉండే గ్లాస్ లైన్డ్ రియాక్టర్ దగ్గర నిలబడి యాసిడ్‌ని గంటల తరబడి కొంచెం కొంచెంగా వదులుతుంటే రియాక్షన్ అంత స్లో అనుకున్నా. కాదట, రియాక్షన్ క్షణాల్లో అయిపోతుంది, రియాక్టర్ చుట్టూ ఉండే జాకెట్లో తిరిగే చల్లనీళ్లు ఆ వేడిని లాగలేవు కాబట్టి ఆగి ఆగి పోస్తున్నారు. ఒకరోజు షిఫ్ట్ మారే హడావిడిలో వాల్వ్ కాస్త ఎక్కువ తిప్పారు, టెంపరేచర్ ముల్లు ఎగబాకింది, బ్యాచ్ మొత్తం నల్లగా మారింది, అదృష్టం బాగుండి అంతటితో పోయింది.

సన్నటి దారిలో ఈ బాధ ఉండదు. వెడల్పు సగం చేస్తే గోడకి వేడి అందే స్పీడు రెట్టింపవుతుంది, అదే సైజు డబ్బాలో గోడల వైశాల్యం కూడా రెట్టింపవుతుంది, అంటే మొత్తం మీద నాలుగు రెట్లు వేడి బయటికి లాగొచ్చు. 1981లో స్టాన్‌ఫర్డ్‌లో టకర్‌మన్, పీస్ అనే ఇద్దరు సిలికాన్ చిప్ వెనక వెంట్రుకంత దారులు చెక్కి చదరపు సెంటీమీటర్‌కి 790 వాట్ల వేడిని నీళ్లతో లాగి చూపించారు. ఇది చిప్ వాళ్ల గొడవ. దీన్ని ఇంధనాల వైపు లాక్కొచ్చినవాళ్లలో కెమికల్ ఇంజినీర్ అన్నా లీ టాంకోవిచ్ పేరు ముందు చెప్పుకోవాలి.

ఆవిడ కథ మిన్నెసోటా యూనివర్సిటీలో మొదలైంది. 1993లో అక్కడి ప్రొఫెసర్లు రాబర్ట్ కార్, రదర్‌ఫర్డ్ ఆరిస్‌లతో కలిసి సైన్స్ పత్రికలో ఒక పేపర్ వేశారు. మీథేన్‌ని ఎథిలీన్ లాంటి విలువైన గ్యాసులుగా మార్చేటప్పుడు తయారైన సరుకు అక్కడే ఉంటే మళ్లీ మండి కార్బన్ డయాక్సైడ్ అయిపోతుంది, అందుకని తయారవుతుండగానే పక్కకి లాగేసే రియాక్టర్ కట్టి దిగుబడిని 50 శాతం దాటించారు. నాకు ఇక్కడే ఆవిడ కెరీర్ మొత్తం కనిపిస్తుంది. అందరూ క్యాటలిస్టు, అంటే రియాక్షన్‌ని వేగం చేసే పదార్థం, మార్చి చూస్తుంటే ఈవిడ డబ్బా మార్చింది. తర్వాత వాషింగ్టన్ రాష్ట్రం రిచ్‌లాండ్‌లోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ నేషనల్ ల్యాబ్‌లో, ఆపైన ఆ ల్యాబ్‌ని నడిపే బ్యాటెల్ సంస్థ నుంచి 2001లో పుట్టిన వెలోసిస్ కంపెనీలో ఇదే పట్టు పట్టింది. మీథేన్‌ని ఆవిరితో కలిపి హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్‌గా మార్చే స్టీమ్ రిఫార్మింగ్ మామూలుగా సెకన్లు తీసుకుంటుంది, దాన్ని మిల్లీసెకన్లకి, ఇంకా కిందకి దించొచ్చని చూపించిన పేపర్లున్నాయి.

వెలోసిస్ అసలు గురి మాత్రం ఫిషర్-ట్రోప్ష్ మీద. 1920ల్లో జర్మనీలో పుట్టిన ఈ ప్రాసెస్ కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌ల నుంచి డీజిల్ తయారుచేస్తుంది, కానీ వేడి విపరీతంగా పుడుతుంది, టెంపరేచర్ కాస్త పెరిగిందంటే డీజిల్ బదులు మీథేన్ వస్తుంది, క్యాటలిస్టు కూడా చస్తుంది. అందుకే షెల్ ఖతార్‌లో కట్టిన పెర్ల్ ప్లాంటు అంత పెద్దది, రోజుకి 1,40,000 బ్యారెళ్లు, అంత పెద్దదైతే తప్ప గిట్టుబాటు కాదని లెక్క. వెలోసిస్ వాళ్లు దీన్ని తిరగేశారు. చెత్తకుప్పల దగ్గర, అడవి కట్టెపుల్లల దగ్గర చిన్న ప్లాంట్లు పెడదాం, సరుకు పెరిగితే రియాక్టర్ని పెద్దది చెయ్యక్కర్లేదు, అదే డబ్బా ఇంకోటి పక్కన పెడితే చాలన్నారు.

ఇక్కడే నాకు పేచీ. కెమికల్ ప్లాంట్లలో పాత లెక్క ఒకటుంది, కెపాసిటీ రెట్టింపు చేస్తే ఖర్చు ఒకటిన్నర రెట్లే అవుతుంది. డబ్బా పక్కన డబ్బా పెట్టుకుంటూ పోతే ఖర్చు కూడా రెట్టింపే. సరే, రియాక్టర్ వరకు ఒప్పుకున్నా, దాని ముందుండే గ్యాస్ క్లీనింగ్, కంప్రెసర్లు, ఆక్సిజన్ ప్లాంటు, వెనకుండే శుద్ధి యూనిట్లు వీటిని ఎవరు చిన్నవి చేశారు? అవి పాత లెక్కలోనే ఉండిపోయాయి, చిన్న సైజులో బ్యారెల్‌కి ఖర్చు ఎక్కువ పడేది వాటికే. దానికి తోడు 2014 మధ్యలో బ్యారెల్ 100 డాలర్ల పైనున్న క్రూడ్ 2016 మొదట్లో 30 కిందకి పడిపోయింది, ఇలా తీసిన డీజిల్‌కి గిట్టుబాటు ఇంకా కష్టమైంది.

అమెరికాలోని ఓక్లహోమా సిటీలో వెలోసిస్ రియాక్టర్లు పెట్టి చెత్త డంప్ గ్యాస్‌తో నడిపిన ఎన్వియా ప్లాంటు 2017లో మొదలై 2018లో ఆగిపోయింది. లీకు వచ్చింది రియాక్టర్‌కి అనుబంధంగా ఉన్న కూలెంట్ సిస్టంలో, ఆ సన్నటి దారుల కెమిస్ట్రీ తప్పని ఎవరూ అనలేదు. ఆరిగాన్‌లోని లేక్‌వ్యూలో కట్టెపుల్లల నుంచి జెట్ ఇంధనం తీద్దామని వెలోసిస్ టెక్నాలజీతోనే మొదలెట్టిన రెడ్ రాక్ ప్లాంటైతే కడుతుండగానే ఆగింది. వెలోసిస్ కూడా 2024 మొదట్లో లండన్ స్టాక్ మార్కెట్ నుంచి వెళ్లిపోయింది.

పోయినేడు మా ఇంట్లో ఏసీ గ్యాస్ కారిపోతే మెకానిక్ బయటి యూనిట్ విప్పి చూసి పెదవి విరిచాడు. అల్యూమినియం మైక్రోఛానల్ కండెన్సర్ అది. "కాపర్ పైపైతే వెల్డింగ్ పెట్టేవాణ్ణి సార్, ఇది మొత్తం మార్చాల్సిందే" అన్నాడు. పల్చటి లోహపు రేకులు పేర్చి ఒకే దిమ్మగా అతికించిన రియాక్టర్‌కి కూడా ఇదే తిప్పలు, వేల దారుల్లో ఒకటి పూడుకుంటే విప్పి చూసే వీలే ఉండదు.

అయినా టాంకోవిచ్ కెరీర్‌ని ఫెయిల్యూర్ అనడం నాకు నచ్చదు. మన పత్రికల్లో సైంటిస్టు అంటే రెండే రకాలు, అద్భుతం కనిపెట్టినవాళ్లు, అమెరికాలో పెద్ద పోస్టు కొట్టినవాళ్లు. ఒక ప్రశ్నకి ఖచ్చితమైన జవాబు చెప్పి, పక్క ప్రశ్న దగ్గర మార్కెట్ చేతిలో దెబ్బతిన్నవాళ్లకి చోటు లేదు. వేడి ఎలా లాగాలన్నది ఆవిడ తేల్చేసింది. ఇప్పుడు ఏఐ చిప్పులు వేడెక్కుతున్నాయని డేటా సెంటర్ల వాళ్లు మళ్లీ ఆ 1981 నాటి సన్నటి దారుల చుట్టూనే తిరుగుతున్నారు, అక్కడైతే బ్యారెల్ ఎంత పడుతుందని అడిగేవాడు లేడు.