చప్పుడు చేయని మాస్టారుతో జాగ్రత్త

అనంతపురం ప్రజలకు, ముఖ్యంగా ఇంటర్ చదివే పిల్లలున్న తల్లిదండ్రులకు, ఒక హెచ్చరిక. మన ఊళ్లో పిల్లలతో సింఫనీ ఆర్కెస్ట్రా పెడతానంటూ ఒక యువకుడు తిరుగుతున్నాడు. బెంగళూరులో వయొలిన్ నేర్చుకున్నాడట, కొన్నాళ్లు కండక్టింగ్ కూడా చదివాడట. సాయినగర్‌లో ఇద్దరు ముగ్గురు డాక్టర్లను, లలితకళా పరిషత్తు దగ్గర కొందరు పెద్దమనుషులను ఇప్పటికే కలిశాడు. చూడ్డానికి మర్యాదస్తుడిలాగే ఉన్నాడు. నా భయమంతా అందుకే.

కండక్టర్ అంటే టికెట్లు కొట్టే ఆయన అనుకునేరు. ఆర్కెస్ట్రా అంటే రిసెప్షన్లో కీబోర్డు, ప్యాడ్స్ పెట్టుకుని సినిమా పాటలు పాడే బృందం అనుకునేరు. ఈ వ్యవహారం వేరు. డెబ్భై ఎనభై మంది పిల్లలు వయొలిన్లు, చెల్లోలు, ఫ్లూట్లు, ట్రంపెట్లు పట్టుకుని అర్ధచంద్రాకారంలో కూర్చుంటారు. వాళ్లకెదురుగా చిన్న అరుగు మీద ఒక మనిషి సన్న పుల్ల పట్టుకుని నిలబడతాడు. కచేరీ మొత్తంలో ఏ శబ్దమూ చేయనివాడు ఆయనొక్కడే. చివర్లో చప్పట్లకు అందరికన్నా ముందు వంగి దండం పెట్టేదీ ఆయనే. ఇంతవరకూ మనకు కొత్తేమీ లేదు. చాలా ఆఫీసులు ఈ పద్ధతి మీదే నడుస్తున్నాయి.

అసలు చిక్కు ప్రోటోకాల్ దగ్గర మొదలవుతుంది. ఈ మనిషి సభకు వీపు పెట్టి నిలబడతాడు. ఒకటీ అరా నిమిషం కాదు, గంటన్నర. సీమలో వెన్ను చూపినవాడికి ఎంత గౌరవం దక్కుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు. పోనీ, ముందు వరుసలో ఉన్న ముఖ్య అతిథి ఆ వీపు చూస్తూ కూర్చుంటాడులే అనుకుందామా? మన ముఖ్య అతిథి ముందు వరుసలో ఎప్పుడు కూర్చున్నాడు? ఆయన చోటు వేదిక మీద, తెల్ల టవలు వేసిన కుర్చీ. అంటే చెల్లోలకూ డ్రమ్ములకూ మధ్య ఎక్కడో ఆ కుర్చీ ఇరికించాలి. ఆయన వెనకాల నిలబడడానికి పదిమందికి జాగా కావాలి. పిల్లల్ని కాస్త తగ్గించి వాయించమని చెప్పడానికి కండక్టర్ ఎడమ అరచేతిని కిందికి వంచి చూపిస్తాడు. సరిగ్గా అటువైపు కూర్చున్న నాయకుడు అది తనకే అనుకుంటే? జిల్లా శాంతిభద్రతలు ఒక మనిషి ఎడమచేతి మీద ఆధారపడడం నాకు ఇష్టం లేదు.

శ్రుతి సంగతి కూడా ఉంది. మొదట ఓబో అనే వాద్యం ఒక స్వరం పట్టి ఇస్తుంది, సెకనుకు 440 కంపనాలు. మిగతా అందరూ దానికి శ్రుతి చేసుకుంటారు. ఇక మన పద్ధతి ప్రకారం ముఖ్య అతిథి రావాలి, జ్యోతి వెలగాలి, శాలువాలు అయిపోవాలి, పేర్లు మరిచిపోయినవాళ్ల పేర్లు మళ్లీ చదవాలి. మే నెల ఎండకు ఈలోగా తీగలన్నీ జారిపోతాయి. మళ్లీ ఓబో. మళ్లీ ఎవరో వస్తారు.

ఆ పుల్లకు ఉన్న చరిత్ర కూడా అంత మంచిది కాదు. ఒకప్పుడు పొడుగాటి కర్రతో నేల మీద కొట్టి తాళం వేసేవాళ్లు. ఫ్రాన్సులో పద్నాలుగో లూయీ కొలువులో లుల్లీ అనే పెద్ద విద్వాంసుడు ఉండేవాడు. 1687లో, రాజుగారికి జబ్బు నయమైన సందర్భంగా కచేరీ నడిపిస్తూ, ఊపులో ఆ కర్రతో తన కాలి మీదే కొట్టుకున్నాడు. పుండు ముదిరి కొద్ది నెలల్లో పోయాడు. మన మాస్టర్లు తరతరాలుగా బెత్తాలు వాడుతున్నారు. వాళ్లలో ఒక్కరికి ఒక్క గోరు ఊడిందని నేను వినలేదు. కర్ర ఎవరి మీద వాడాలో తెలిసిన సమాజం మనది.

ఇవన్నీ ఎలాగో సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ర్యాంకుల విషయం.

ఆ యువకుడు పెట్టిన పరిచయ సమావేశానికి నేనూ వెళ్లాను, కేవలం నిఘా కోసం. పాతికమంది దాకా తల్లిదండ్రులు వచ్చారు. వయొలిన్లు రెండు జట్లుగా ఉంటాయనీ, ఫస్ట్ వయొలిన్లు రాగం ఎత్తుకుంటే సెకండ్ వయొలిన్లు కింద దన్నుగా వాయిస్తాయనీ, ఆ దన్ను లేకపోతే పైది తేలిపోతుందనీ అతను ఓపిగ్గా చెప్పాడు. ఎవరూ వినలేదు. సెకండ్ అన్న మాట దగ్గరే అందరి చెవులూ మూసుకుపోయాయి. తన బిడ్డ సెకండ్‌లో కూర్చుంటుందని బంధువులకు ఎలా చెప్పాలని ఒకావిడ అడిగింది. వయోలా అనే ఇంకో వాద్యం కూడా ఉందనీ, అది మధ్య స్వరాలు చూసుకుంటుందనీ, జనం దాన్ని పెద్దగా పట్టించుకోరనీ అతను నిజాయితీగా చెప్పాడు. వయోలాకు ఆ రోజు ఒక్క పేరూ రాలేదు.

అప్పుడు సింబల్స్ ప్రస్తావన వచ్చింది. మన భజన తాళాలను అన్నం పళ్లెమంత చేస్తే ఎలా ఉంటాయో అవి అలా ఉంటాయి. యూత్ ఆర్కెస్ట్రాలు ఇష్టపడి వాయించే వాటిలో ద్వోర్జాక్ అనే చెక్ స్వరకర్త తొమ్మిదో సింఫనీ ఒకటి. సింఫనీ అంటే ఆర్కెస్ట్రా కోసం రాసిన, కొన్ని భాగాలున్న పెద్ద రచన. 1893లో న్యూయార్కులో తొలిసారి వినిపించారు. దాదాపు 40 నిమిషాలు సాగుతుంది. అందులో సింబల్స్‌కు ఉన్నది ఒకే ఒక్క దెబ్బ. అదీ చివరి భాగంలో. అదీ గట్టిగా కాదు.

ఈ మాట విని మూడో వరుసలో ఒక తండ్రి లేచాడు. రాంనగర్‌లో హార్డ్‌వేర్ షాపు ఉందట. కొడుకు పక్కనే కూర్చుని ఉన్నాడు.

"ఏమప్పా, ఆ నలభై నిమిషాలు మావాడు ఏం చేయాల?"

"వినాలన్నా. లెక్కపెట్టుకుంటా ఉండాల. మిగతావాళ్లు ఏం వాయిస్తా ఉన్నారో వింటా ఉంటే తన చోటు ఎక్కడో తెలుస్తాది. ఆ చోటికి ముందు నేను వాడి వైపు చూస్తా."

"నువ్వు చూస్తే వాడు కొడతాడు. అంతేనా?"

"అంతేనన్నా."

"ఊరికే వినేదానికి ఫీజెందుకప్పా?"

"దానికేనన్నా ఫీజు."

హాలులో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. విద్యారంగంలో ఇంత ప్రమాదకరమైన మాట నేను ఈమధ్య వినలేదు. వినడానికి డబ్బు తీసుకునే మనిషి! వినడమనేది మన ఇళ్లల్లో పిల్లలు పుట్టినప్పటి నుంచీ ఉచితంగా చేస్తున్న పని. పక్కవాడు చెప్పేది కూడా వినాలన్నదే ఇందులో కొత్త, మరి పక్కవాడు పోటీదారుడు కదా! వాడి పేపర్లో ఏముందో చూడాలి గానీ వాడు చెప్పేది వినడమేమిటి?

ఆ సభలో తెలివైన ప్రశ్న వేసింది ఒక తల్లి. "సార్, ఆ ఖాళీలో మా బాబు కెమిస్ట్రీ బిట్లు చేసుకోవచ్చా?" కుదరదన్నాడు. ఆవిడ బ్యాగు సర్దుకుని లేచింది. ఆవిడతో పాటు ఇంకో ఏడెనిమిది మంది. హార్డ్‌వేర్ షాపాయన కొడుకు మాత్రం అప్పటికే పెదాలు కదుపుతూ ఏవో అంకెలు లెక్కపెట్టుకుంటున్నాడు. పిల్లలకు ఎంత త్వరగా సోకుతుందో చూడండి.

ఇక టైము. ఆదివారాలు కావాలంటాడు. తీగవాద్యాల పిల్లలు ఒకచోట, ఊదే వాద్యాల పిల్లలు ఒకచోట విడిగా సాధన చేయాలట, ఆ తర్వాత అందరూ కలవాలట. మన పిల్లలు తెల్లవారుజామున స్టడీ అవర్‌కు కూర్చుంటే రాత్రి పదికి లేస్తారు. ఆదివారం మాక్ టెస్టు. పేరు మార్చి ఇన్నేళ్లయినా మనం ఎంసెట్ అనే పిలుచుకుంటున్న ఆ పరీక్షలో సెకండ్ వయొలిన్‌కు మార్కులు లేవు. నేనొక మధ్యేమార్గం చెప్పాను. టీవీ ప్రకటనల్లో గుక్క తిప్పుకోకుండా చదువుతారే, అలా "వయొలిన్లో ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు" అని వేయించమన్నాను. అతను నవ్వాడు. ఎగతాళి కాదని నమ్మించలేకపోయాను.

ఈ జబ్బు ఎక్కడిదని పరిశోధించాను. వెనిజులాలో అబ్రెయూ అనే ఆర్థికవేత్త, సంగీతం కూడా చదివినవాడు, 1975లో కారకాస్‌లో ఒక కారు షెడ్డులో 11 మంది పిల్లలతో మొదలుపెట్టాడు. అదే లక్షలమంది పిల్లలకు సంగీతం నేర్పే ఏర్పాటయింది. అక్కడ తయారైన దుదామెల్ అనే కుర్రాడు 2009లో అమెరికాలో లాస్ ఏంజెలెస్ ఫిల్హార్మోనిక్ అనే పెద్ద ఆర్కెస్ట్రాకు సంగీత దర్శకుడయ్యాడు. మన దగ్గర కారు షెడ్డు ఖాళీగా దొరికితే అందులో బ్రిడ్జి కోర్సు పెడతాం. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ ఏర్పాటును పరిశీలించిన ఒక బ్రిటిష్ పరిశోధకుడు 2014లో పుస్తకం రాసి, అక్కడ క్రమశిక్షణ పేరుతో పెత్తనం ఎక్కువైందనీ, పిల్లలకు నోరెత్తే చోటు లేదనీ విమర్శించాడు. అది చదివాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. పుల్ల పట్టుకున్నవాళ్లందరూ సాధువులేం కారు. ఆ రకం కండక్టర్ ఎవరైనా దొరికితే మన హాస్టళ్లలో వార్డెన్‌గా వెంటనే కుదురుకుంటాడు.

కానీ రెండో రకం కూడా ఉంది. 1999లో బరెన్‌బోయిమ్ అనే కండక్టర్, ఎడ్వర్డ్ సయీద్ అనే పాలస్తీనా మేధావి కలిసి అరబ్బు పిల్లలనూ ఇజ్రాయెల్ పిల్లలనూ జర్మనీలో ఒకే ఆర్కెస్ట్రాలో కూర్చోబెట్టారు. తీగవాద్యాల దగ్గర ఇద్దరికి ఒక స్టాండు ఉంటుంది, ఒకరు వాయిస్తుంటే పక్కవాడు పేజీ తిప్పాలి. రేపు మన పల్లెల్లో రెండు వర్గాల పిల్లలు ఒకే స్టాండు ముందు కూర్చుని పేజీలు తిప్పుకుంటే, మన సుమోల మీద ఆధారపడి బతుకుతున్న సినిమావాళ్ల గతేమిటి?

బొంబాయి నుంచి వెళ్లిన మెహ్లీ మెహతా కథ ఇంకా ఘోరం. పేరున్న కండక్టర్ జుబిన్ మెహతా తండ్రి ఈయన. 1935లో బొంబాయి సింఫనీ అనే ఆర్కెస్ట్రా పెట్టాడు. తర్వాత లాస్ ఏంజెలెస్ వెళ్లి 1964లో అమెరికన్ యూత్ సింఫనీ మొదలుపెట్టి 1998 దాకా కుర్రాళ్లకు నేర్పుతూనే ఉన్నాడు. తొంభై ఏళ్లు వచ్చేదాకా! కొడుకు ప్రపంచమంతా పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలు నడిపిస్తుంటే తండ్రి ఏటా కొత్త పిల్లలకు మళ్లీ మొదటి నుంచీ చెప్పుకుంటూ వచ్చాడు. మూడు దశాబ్దాలకు పైగా. మన దగ్గర ఒక్క బ్యాచ్ పాసైతే క్లాక్ టవర్ నుంచి సప్తగిరి సర్కిల్ దాకా ఫ్లెక్సీలు కడతాం.

ఇదంతా విదేశీ గొడవ, మనకు దూరం అనుకుని కాస్త నిశ్చింతగా ఉన్నాను. అప్పుడే మా బంధువుల ఊళ్లో, కళ్యాణదుర్గం వైపు, ఒక రాత్రి చూసింది నా నిద్ర పాడు చేసింది. శెనక్కాయల పని అయిపోయాక రామాలయం ముందు చెక్కభజన నేర్పుతున్నారు. గుండ్రంగా పాతికమంది కుర్రాళ్లు, కాళ్లకు గజ్జెలు, చేతుల్లో చెక్కలు. మధ్యలో అరవై దాటిన భజన గురువు. ఆయన ఒక చరణం ఎత్తుకుంటాడు, వాళ్లు అందుకుంటారు. వీధి దీపం కింద దుమ్ము లేస్తోంది. ఉన్నట్టుండి ఆయన పాట ఆపేశాడు. అడుగులు మాత్రం ఆపనీయలేదు. తల పక్కకు వంచి వింటున్నాడు. ఇరవై ఐదు జతల గజ్జెల్లో ఒక జత వెనకబడింది. నాకు అన్నీ ఒకేలా వినబడ్డాయి. ఆయన నేరుగా ఒక కుర్రాడి దగ్గరికి పోయి, వాడి చేతిలో చెక్కలు తీసి వాడి నడుములో దోపి, "నువ్వు ఇప్పుడు కొట్టొద్దు నాయనా, పక్కనోడి కాలు విను" అన్నాడు. వాడు రెండు చుట్లు ఊరికే అడుగులు వేశాడు. మూడో చుట్టులో గురువు వాడి వైపు చూసి గడ్డం కొంచెం ఎత్తాడు. వాడు చెక్కలు తీశాడు. అంతా ఒకటిగా పడింది.

అంటే ఈ ముఠా మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది! దీనికి సిలబస్ లేదు, ర్యాంకు లేదు, నేర్పడం అయ్యాక ఊరివాళ్లు చందా వేసుకుని పంచె, టవలు, ఏదో కొంత డబ్బు చేతిలో పెడితే ఆయన పక్క ఊరికి పోతాడు. వింత ఏమిటంటే ఆ పాతికమందిలో ఎవడు ఫస్టో అక్కడెవరికీ తెలియదు. ఒకరిద్దరిని అడిగాను కూడా. ప్రశ్నే అర్థం కాలేదు వాళ్లకు.

తాజాగా అందిన సమాచారం ఇంతకన్నా ఆందోళనకరం. ఆ బెంగళూరు యువకుడు ఈ గురువు దగ్గరికి పోయాడట. బ్యాగులోంచి పుల్ల తీసి, తన విద్య ఇదీ అని చూపించాడట. పెద్దాయన పుల్లను ఇటూ అటూ తిప్పి చూసి, "బాగుందప్పా, తేలిగ్గా ఉంది" అని అరుగు మీద పెట్టి, ఇతని చేతికి చెక్కలిచ్చి కుర్రాళ్ల మధ్య నిలబెట్టాడట. రెండో అడుగు దగ్గరే తప్పాడు. చెక్కలు తీసి నడుములో దోపి వినమన్నాడట. ఆ రాత్రంతా అతను కొట్టకుండానే తిరిగాడని మా బంధువులు ఫోన్ చేసి చెప్పారు. ఫీజు ఎంత తీసుకున్నాడని అడిగితే, పెద్దాయన రూపాయి కూడా అడగలేదన్నారు. దీని మీద సంబంధిత అధికారులు వెంటనే దర్యాప్తు జరిపించాలి.