‘ఇక బయల్దేరదాం’ అనగలిగే మిడ్‌వైఫ్ కావాలి

ఇంట్లోనే కాన్పు జరగాలని కోరుకునే దంపతులు మిడ్‌వైఫ్‌ను, అంటే కాన్పులు చేయడంలో శిక్షణ పొందిన నిపుణురాలిని, మొదటిసారి కలిసినప్పుడు చాలా అడుగుతారు. నీళ్ల తొట్టిలో ప్రసవం చేయిస్తారా? గదిలో లైట్లు తగ్గించుకోవచ్చా? పెద్ద బిడ్డను దగ్గరే ఉండనివ్వచ్చా? ఇవన్నీ అడగాల్సినవే. కానీ నన్నడిగితే వీటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. ‘మీ దగ్గర ఇంటి కాన్పుకు పేరు రాయించుకున్న వాళ్లలో ఎంతమందిని నొప్పులు మొదలయ్యాక ఆస్పత్రికి తీసుకెళ్లారు, ఎందుకు తీసుకెళ్లారు?’

‘ఇంతవరకు ఒక్కరిని కూడా తీసుకెళ్లే పని పడలేదు’ అని గర్వంగా చెబితే, ఆమెను కాదనుకుని ఇంకొకరిని వెతుక్కోవడం మంచిది. ఏళ్ల తరబడి కాన్పులు చేస్తున్న ఎవరికీ అలాంటి లెక్క ఉండదు.

ఈ విషయంలో అందరూ ప్రస్తావించే పెద్ద అధ్యయనం 2011లో ఇంగ్లాండ్‌లో వచ్చింది. ప్రమాద సూచనలేవీ లేని 64 వేల మందికి పైగా గర్భిణుల కాన్పులను అందులో పరిశీలించారు. ఇంట్లో కనాలనుకున్న తొలి కాన్పు తల్లుల్లో 45 శాతం మంది నొప్పుల మధ్యలోనో, కాన్పు కాగానేనో ఆస్పత్రికి మారారు. అంటే దాదాపు సగం మంది. అంతకుముందు కన్నవాళ్లలో ఈ సంఖ్య 12 శాతమే. రెండు గుంపులకూ ఒకే సలహా ఇవ్వలేమని ఈ తేడా ఒక్కటే చెబుతోంది.

బిడ్డల సంగతి చూద్దాం. మరణం, మెదడు దెబ్బతినడం, పుట్టేటప్పుడు ఎముక విరగడం లాంటి తీవ్రమైన ఇబ్బందులన్నిటినీ కలిపి లెక్క కట్టారు. తొలి కాన్పును ఆస్పత్రిలో అనుకున్నవారిలో వెయ్యికి 5.3, ఇంట్లో అనుకున్నవారిలో వెయ్యికి 9.3 అని తేలింది. రెండో కాన్పు, ఆపై కాన్పుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తల్లి వైపు నుంచి చూస్తే లెక్కలు ఇంటి కాన్పు వైపే గట్టిగా మొగ్గుతున్నాయి. ఇంట్లో అనుకున్నవారిలో సిజేరియన్ దాకా వెళ్లింది 3 శాతం లోపే, ఆస్పత్రిలో అనుకున్నవారిలో 11 శాతం.

ఇంటి కాన్పును సమర్థించేవాళ్లు సిజేరియన్ లెక్క చెప్పి 9.3ను దాటేస్తారు. వ్యతిరేకించేవాళ్లు 9.3 చెప్పి మిగతావి మింగేస్తారు. తొలిచూలు తల్లి ముందు రెండూ పెట్టాలి. వెయ్యిలో తొమ్మిది అంటే చాలా అరుదు, నిజమే. ఆస్పత్రితో పోలిస్తే దాదాపు రెట్టింపు, అదీ నిజమే. ఈ రెండు మాటలూ ఒకే ఊపిరిలో చెప్పని మిడ్‌వైఫ్, చెప్పని డాక్టర్, ఇద్దరూ ఆ తల్లికి నిర్ణయించుకునే అవకాశం ఇవ్వనట్టే. నా అభిప్రాయం అడిగితే, ఆస్పత్రి చేరడానికి ఎక్కువ సమయం పట్టేచోట తొలి కాన్పును ఇంట్లో పెట్టుకోవద్దనే అంటాను. రెండోసారి, మొదటిది మామూలు కాన్పై ఉంటే, అప్పుడు మాట వేరు.

ఇంకో పోలిక చూస్తే అసలు విషయం మరింత తెలుస్తుంది. నెదర్లాండ్స్‌లో 5 లక్షలకు పైగా కాన్పులను పరిశీలించి 2009లో ఫలితాలు ప్రకటించారు. ఇంట్లో అనుకున్నా ఆస్పత్రిలో అనుకున్నా శిశు మరణాల్లో తేడా కనిపించలేదు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం లెక్కలు 2015లో వచ్చాయి. అక్కడ ఆస్పత్రి బయట కనాలనుకున్నవారిలో వెయ్యికి 3.9 శిశు మరణాలు, ఆస్పత్రిలో అనుకున్నవారిలో 1.8. రెండు అధ్యయనాలూ ఒకే కొలమానంతో చేసినవి కావు కాబట్టి అంకెకు అంకె పెట్టి పోల్చకూడదు. అయినా అక్కడా ఇక్కడా ఉన్నది ఇల్లే, మంచమే, నొప్పులే. మారిందేమిటి?

ఏర్పాటు మారింది. నెదర్లాండ్స్‌లో మిడ్‌వైఫ్ నాలుగేళ్లు చదువుతుంది. ఏ గర్భిణిని తాను చూడొచ్చో, ఎవరిని డాక్టర్‌కు అప్పగించాలో ముందే రాసిపెట్టిన జాబితా ఉంటుంది, ఆ జాబితాను డాక్టర్లు కూడా ఒప్పుకుంటారు. ఆమె ఫోన్ చేస్తే అవతల ఎత్తేవాళ్లకు ఆమె ఎవరో తెలుసు. ఒరెగాన్‌లో ఆ లెక్కలు సేకరించిన ఏళ్లలో లైసెన్స్ లేకుండానే మిడ్‌వైఫ్‌గా పనిచేయడానికి చట్టం ఒప్పుకునేది. ఇంటికీ ఆస్పత్రికీ మధ్య దారి ఒకచోట రోజూ నడిచే బాట. ఇంకోచోట అవసరం పడ్డాక వెతుక్కోవాల్సిన బాట.

ఈ దారి మీద మిడ్‌వైఫ్ చేసే పని కాన్పు రోజున మొదలవదు. తొలి నెలల్లోనే మొదలవుతుంది, అదీ ‘కాదు’ అని చెప్పడంతో. కవలలైతే, బిడ్డ ఎదురుకాళ్లతో ఉంటే, ఇదివరకు సిజేరియన్ అయి ఉంటే, బీపీ ఎక్కువగా ఉంటే, 37 వారాలు నిండకముందే నొప్పులొస్తే ఇంటి కాన్పు అనే మాట పక్కన పెట్టాలి. ‘కాదు’ అనడం తేలికేం కాదు. నెలల తరబడి ఆశ పెట్టుకున్న తల్లి ముందు కూర్చుని, 36వ వారంలో బిడ్డ అడ్డం తిరిగిందని చెప్పి, ఆమె కన్నీళ్లు తుడిచి, అయినా మాట మార్చకుండా ఉండాలి. ఈ నిబ్బరం లేనివాళ్లు ఎంత ప్రేమగా మాట్లాడినా ఈ పనికి తగరు.

ఇక్కడ పేరు గురించి ఒక మాట. మిడ్‌వైఫ్ అనగానే మనకు పాత రోజుల మంత్రసాని గుర్తొస్తుంది. మంత్రసానుల చేతి అనుభవాన్ని నేను తక్కువ చేయను. కానీ ఇప్పుడు మాట్లాడుతున్నది చదువుకుని, పరీక్ష రాసి, రిజిస్టర్ అయిన నిపుణురాలి గురించి. అంతర్జాతీయ మిడ్‌వైఫ్‌ల సమాఖ్య ప్రమాణాల ప్రకారం నేరుగా చేరేవారికి కనీసం మూడేళ్ల చదువు, నర్సింగ్ పూర్తిచేసిన వారికి కనీసం 18 నెలలు ఉండాలి. అంతకంటే తక్కువ చదువుకున్నవారికి తల్లీబిడ్డల్ని అప్పగించకూడదు.

నొప్పులు మొదలయ్యాక మిడ్‌వైఫ్ తల్లి పక్కన కూర్చుని ఊరికే చూస్తున్నట్టు కనిపిస్తుంది. చూడటమే అక్కడ పని. బ్రిటన్ మార్గదర్శకాల ప్రకారం తొలి దశలో కనీసం పావుగంటకోసారి, నొప్పి తగ్గిన వెంటనే ఒక నిమిషం పాటు బిడ్డ గుండె చప్పుడు వినాలి. తల్లి ముక్కడం మొదలుపెట్టాక ఐదు నిమిషాలకోసారి వినాలి. నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకుంటే మామూలు. నొప్పి తగ్గాక కూడా ఆ చప్పుడు నెమ్మదిగానే ఉందా, ఉమ్మనీరు పచ్చగా వస్తోందా, తల్లి నాడి పెరుగుతోందా అని చూస్తూ, విన్న ప్రతిదీ టైమ్‌తో సహా రాసుకుంటూ ఉంటుంది. ఈ రాత తర్వాత ఎంత పనికొస్తుందో ఆస్పత్రికి మారాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది.

ఇంట్లో నిజంగా నిమిషాలతో పందెం పడేవి ప్రధానంగా రెండు. ఒకటి, పుట్టిన బిడ్డ ఊపిరి తీయకపోవడం. ఎక్కువమంది బిడ్డలు తుడిచి వీపు రుద్దేలోపే ఏడుస్తారు. ఏడవని కొద్దిమందికి మాస్క్ పెట్టి గాలి అందించడం మొదటి నిమిషంలోనే మొదలవ్వాలి. రెండోది, మాయ పడ్డాక గర్భసంచి బిగుసుకోకపోవడం. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరు పైన రక్తం వెళుతుంది కాబట్టి, బిగుసుకోకపోతే ఎంత త్వరగా పరిస్థితి చేయిదాటుతుందో ఊహించుకోవచ్చు. గర్భసంచిని బిగుసుకునేలా చేసే ఆక్సిటోసిన్ ఇంజక్షన్, గర్భసంచిని రుద్దడం, రక్తం ఎంత పోతోందో కంటితో అంచనా వేయకుండా కొలవడం, రక్తస్రావాన్ని ఆపే ట్రానెక్సామిక్ ఆసిడ్, వీటన్నిటితోపాటు అప్పటికే అంబులెన్స్‌కు ఫోన్ వెళ్లి ఉండాలి. ఈ రెండు ఇబ్బందులూ ఒకేసారి వస్తే? అందుకే కాన్పు సమయంలో శిక్షణ ఉన్నవాళ్లు ఇద్దరుండాలి, ఒకరు తల్లికి, ఒకరు బిడ్డకు. ఒక్కరే వచ్చి అంతా చూసుకుంటాననే ఏర్పాటుకు నేను ఒప్పుకోను.

అయితే ఆస్పత్రికి మారేవాళ్లలో ఇలాంటి అత్యవసరాలు తక్కువే. నొప్పులు గంటలు గడిచినా ముందుకు సాగకపోవడం, తల్లి అలసిపోయి నొప్పి తగ్గించే మందు కావాలనడం, ఇలాంటివే ఎక్కువ, ముఖ్యంగా తొలి కాన్పుల్లో. అప్పుడు హడావుడి అక్కర్లేదు, టెన్షన్ అక్కర్లేదు. బట్టలు సర్దుకుని కారెక్కి వెళ్లొచ్చు. మంచి మిడ్‌వైఫ్ ‘ఇక బయల్దేరదాం’ అనే మాట అనాల్సిన టైమ్ కంటే కాస్త ముందే అంటుంది. ఆలస్యం చేసేవాళ్లు సాధారణంగా కుటుంబం ఆశను చూసి ఆలస్యం చేస్తారు. ‘ఇంకో గంట చూద్దాం’ అని భర్త, ‘ఇంత కష్టపడి ఇప్పుడు వెళ్లాలా’ అని తల్లి. ఈ మాటలన్నీ ప్రేమతో వచ్చేవే. వాటి ముందు మెత్తబడకుండా ఉండటానికి మిడ్‌వైఫ్ ఒంటరిగా ఉండకూడదు, వెనుక ఒక ఆస్పత్రి ఉండాలి.

ఇక్కడే ఆస్పత్రుల వైపు వేలు చూపించాలి. ఇంటి నుంచి వచ్చిన తల్లిని ‘ఇంట్లో కంటానన్నారుగా, ఇప్పుడెందుకు వచ్చారు’ అని అడిగే డాక్టర్, తనకు తెలియకుండానే ఆ తర్వాత రావాల్సిన ఇంకో తల్లిని ఇంట్లో ఇంకో గంట ఉంచేస్తున్నారు. అవమానం ఎదురవుతుందని తెలిసిన చోటికి ఎవరూ తొందరగా బయల్దేరరు. మిడ్‌వైఫ్ రాసుకొచ్చిన కాగితాలు చూడకుండా పక్కన పడేసి, ఆమెను గది బయట నిలబెట్టి, పరీక్షలన్నీ మొదటి నుంచి మొదలుపెడితే పోయేది విలువైన సమయమే. ఇంటి కాన్పు వద్దని నమ్మే డాక్టర్‌కు ఆ హక్కు పూర్తిగా ఉంది. తలుపు దగ్గరికొచ్చిన తల్లికి ఆ నమ్మకాన్ని శిక్షగా వేసే హక్కు మాత్రం లేదు.

ప్రభుత్వాలు చేసే తప్పు కూడా ఇలాంటిదే. ఇంటి కాన్పుకు వెళ్లే మిడ్‌వైఫ్‌ను శిక్షిస్తే ఇంటి కాన్పులు ఆగిపోతాయని అనుకుంటారు. హంగేరీలో నిపుణులు ఇంటి కాన్పుకు సాయం చేస్తే చిక్కుల్లో పడే పరిస్థితి ఉండేది. ఒక గర్భిణి యూరప్ మానవ హక్కుల కోర్టుకు వెళ్లింది. బిడ్డను ఎక్కడ, ఎలా కనాలో నిర్ణయించుకోవడం వ్యక్తిగత జీవితానికి సంబంధించిన హక్కని కోర్టు 2010లో తీర్పు ఇచ్చింది. ఆరేళ్ల తర్వాత చెక్ దేశం నుంచి వచ్చిన కేసులో అదే కోర్టు, ఈ విషయంలో దేశాలకు సొంత నిర్ణయం తీసుకునే వెసులుబాటు ఉందని ప్రభుత్వం వైపు మొగ్గింది. న్యాయపరంగా విషయం ఇంకా తెగలేదు. నాకు భయం కలిగించేది వేరే. తలుపులన్నీ మూసేసినప్పుడు కొందరు తల్లులు ఎవరి సాయమూ లేకుండా కనడానికి సిద్ధపడుతున్నారు. అక్కడ గుండె చప్పుడు వినేవాళ్లుండరు, ఆక్సిటోసిన్ ఉండదు, బయల్దేరదాం అనే గొంతూ ఉండదు.

కుటుంబం తరఫున చేయాల్సిన పని కొంత ఉంది, అది 36వ వారం దగ్గర చేయాలి. అప్పటికి మిడ్‌వైఫ్ ఒకసారి ఇంటికొచ్చి చూస్తుంది. మెట్ల మీదుగా స్ట్రెచర్ దిగుతుందా, ఫోన్ సిగ్నల్ అందుతుందా, గది వెచ్చగా ఉంటుందా, బిడ్డకు ఊపిరి అందించాల్సి వస్తే గట్టి బల్ల ఏది అని. ఆ రోజే ఆస్పత్రి దాకా ఒకసారి వెళ్లి రావాలి, రోడ్డు రద్దీగా ఉండే వేళ చూసుకుని మరీ. ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోవాలి. కాన్పు విభాగానికి రాత్రిపూట తలుపు ఏ వైపు తెరిచి ఉంటుందో అడగాలి. ఏ గుర్తు కనిపిస్తే బయల్దేరాలో మిడ్‌వైఫ్ చేత కాగితం మీద రాయించుకుని, తల్లి, భర్త, ఆ రోజు ఇంట్లో ఉండబోయే పెద్దలు అందరూ చదవాలి. మిడ్‌వైఫ్ ‘బయల్దేరదాం’ అన్నాక ఎవరూ ‘ఇంకో గంట’ అనకూడదని అప్పుడే, ఎవరికీ నొప్పులు లేని ఆ మధ్యాహ్నమే, అనుకోవాలి.