మొదటి ట్యాంకు టైగరే కావాలి

ప్లాస్టిక్ యుద్ధట్యాంకులు కట్టే వ్యాపకంలోకి కొత్తగా అడుగుపెడుతున్న కుర్రకారుకు కొందరు పెద్దమనుషులు చాలా ప్రమాదకరమైన సలహా ఇస్తున్నారు. "బాబూ, ముందు తేలికైన కిట్ ఒకటి కొనుక్కో. టమియా కంపెనీ వాళ్ల సోవియట్ ట్యాంకు టీ-34 అయితే మరీ మంచిది. రెండు ఆదివారాల్లో అయిపోతుంది" అంటున్నారు. పైకి మంచిమాటలాగే వినిపిస్తుంది. ఈ సలహా పాటించినవాడి గతి ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ చేదు నిజం చెప్పే భారం ఈ వ్యాసకర్త మీద పడింది: రెండు ఆదివారాల్లో నిజంగానే అయిపోతుంది.

అయిపోయిన ట్యాంకు వల్ల ఎవరికి లాభం? వెళ్లి టీవీ పక్కన కూర్చుంటుంది, అంతే. అదే సగంలో ఆగిన ట్యాంకు ఎంతమందిని బతికిస్తుందో చూడండి. దానికి సన్నటి జిగురు కావాలి, చిక్కటి జిగురు కావాలి, లప్పం కావాలి, నాలుగు రకాల ఉప్పుకాగితాలు కావాలి, ముక్కలు కత్తిరించే మంచి నిప్పర్ కావాలి, భూతద్దం కావాలి, రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ కావాలి, ఎయిర్‌బ్రష్‌కు కంప్రెసర్ కావాలి, కంప్రెసర్ చప్పుడు గురించి పక్క ఫ్లాటు వాళ్లతో రాజీ కావాలి. కిట్ ధరకు మూడింతలు పనిముట్లకు పోసి, పెట్టె మూత మాత్రం ఇంకా తీయనివాడే ఈ వ్యాపకానికి మూలస్తంభం. అతన్ని కాపాడుకోవాలి. కాబట్టి నా వాదన సూటిగా చెబుతున్నాను. కొత్తవాడి మొదటి ట్యాంకు, రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ టైగరే కావాలి. అదీ లోపలి భాగాలన్నీ ఉన్న టైగర్.

ముందు టీ-34 సంగతి తేల్చేద్దాం. దానికి పక్కకు ఐదేసి పెద్ద చక్రాలు. వాలుగా ఉన్న వెడల్పాటి పలకలు. ఒంటినిండా ఒకే ఆకుపచ్చ. ఇందులో బాధపడటానికి ఏముంది? అంతకంటే ఘోరం ఇంకొకటుంది. 1942 ప్రాంతంలో సోవియట్ ఫ్యాక్టరీలు ఈ ట్యాంకులను ఉరుకుల పరుగుల మీద తయారుచేశాయి. పోత అతుకులు, వెల్డింగ్ గడ్డలు ఉన్నవి ఉన్నట్టే వదిలేశారు. నునుపు చేస్తూ కూర్చునే తీరిక అప్పుడు ఎవరికీ లేదు. దాంతో మన కుర్రాడు టరెట్ (ఫిరంగి ఉండే పైభాగం) మీద అతుకు గీత సరిగా గీకకపోయినా, జిగురు కాస్త పైకి పొంగినా, చూసినవాళ్లు "అబ్బ, ఎంత సహజంగా ఉందో!" అంటారు. ఇంకా తప్పులు మిగిలితే బురద పూసేయొచ్చు. ఆ ట్యాంకు తిరిగిన నేలలో బురదకు ఎప్పుడూ కొరత లేదు. తప్పు చేసినవాడిని చరిత్రే వెనకేసుకొస్తుంటే వాడు బాగుపడేదెప్పుడు?

టైగర్ దగ్గర ఇలాంటి మొహమాటాలు సాగవు. 57 టన్నుల ఆ జర్మన్ బండికి తొలి రకంలో ఒక్కో వైపు 24 చక్రాలు, మొత్తం 48. తాటాకు కప్పులో ఆకుల్లా ఒకదాని మీద ఒకటి కప్పుకుని ఉంటాయి. రష్యా చలికాలంలో వాటి సందుల్లో చేరిన బురద రాత్రికి గడ్డకడితే తెల్లారి బండి కదిలేది కాదు. లోపలి వరసలో ఒక్క చక్రం చెడితే దాని ముందున్నవన్నీ ఊడదీయాల్సి వచ్చేది. అప్పట్లో ఆ చాకిరీ జర్మన్ సైనికుడిది, ఇప్పుడు మన బీటెక్ కుర్రాడిది. 48 చక్రాలకూ అంచు చుట్టూ ఉన్న అచ్చు గీతను గీకాలి, ఉప్పుకాగితంతో రుద్దాలి, రబ్బరు అంచుకు నలుపు వేయాలి, మధ్యలో మరో రంగు వేయాలి. అన్నీ బిగించి చూస్తే బయటికి పూర్తిగా కనబడేవి కొన్నే. తక్కినవి వాటి వెనక దాక్కుంటాయి. నిష్కామ కర్మ అంటే ఏమిటో యువతకు నేర్పడానికి ఇంతకంటే మంచి సాధనం నాకు తెలిసి మార్కెట్లో లేదు.

చక్రాలయ్యాక వాటి చుట్టూ తిరిగే గొలుసు పట్టీలు, అంటే ట్రాకులు. పాత టమియా కిట్లలో రబ్బరులాంటి పట్టీ ఒకటి ఇచ్చేవారు. స్క్రూడ్రైవర్ కొన వేడిచేసి చివరలు అదిమితే అతుక్కునేది, పని నిమిషాల్లో ముగిసేది. ఇప్పుడు ఆ మాట పైకి అంటే నలుగురిలో పరువు పోతుంది. నిజం టైగర్‌కు ఒక్కో ట్రాకులో 96 లింకులు, రెండు వైపులా కలిపి 192. విడి లింకుల కిట్ తెచ్చుకుంటే ఒక్కో లింకునూ ప్లాస్టిక్ చట్రం నుంచి కత్తిరించాలి, కత్తిరించిన చోట మిగిలిన మొటిమను గీకాలి, పక్కదానితో కలపాలి. మధ్యలో అమ్మ కూరగాయలకు పంపిస్తే ఎంతవరకు లెక్కపెట్టామో మర్చిపోవాలి. (నేరుగా సాగే చోట పొడుగు ముక్కలు, వంపుల దగ్గర మాత్రం విడి లింకులు ఇచ్చే మధ్యేమార్గం కూడా ఒకటుంది. చూడ్డానికి బాగుంటుంది, కొత్తవాళ్ల చేతికి తేలిగ్గా లొంగుతుంది. ఈ సంగతి మన మధ్యే ఉంచండి.)

ఇక లోపలి భాగాలు. ఇంజను, గేరుపెట్టె, రేడియో, సీట్లు, అన్నీ ఇచ్చే కిట్లు రై ఫీల్డ్, టాకామ్, మినీఆర్ట్ వంటి కంపెనీల నుంచి వస్తున్నాయి. ఇలాంటి వాటిలో ముక్కలు వెయ్యి దాటితే ఎవరూ ఆశ్చర్యపోరు. నిజం టైగర్ 88 మిల్లీమీటర్ల గుండ్లు 92 మోసేది. కిట్‌లో ఎన్ని ఇస్తే అన్నింటికీ ఇత్తడి రంగు పూసి, మొనలకు వేరే రంగు దిద్ది, అరల్లో వరసగా పేర్చి, ఇంజను మీద నూనె మరకలు పెట్టి, ఆఖరికి పైకప్పు తెచ్చి శాశ్వతంగా మూసేయాలి. హ్యాచ్‌లోంచి, అంటే పైమూత సందులోంచి, టార్చ్ కొట్టి చూస్తే ఒక సీటు అంచు కనబడుతుంది. ఇంటికొచ్చిన బంధువులతో మాత్రం "లోపల ఇంజను కూడా ఉందండీ" అని చెప్పుకోవచ్చు. "తిరుగుతుందా?" అని అడుగుతారు. తిరగదు. అక్కడితో వాళ్లు కాఫీ వైపు తిరుగుతారు.

దీనికి తోడు జిమ్మరిట్ అనే మహాభాగ్యం ఒకటుంది. శత్రువులు అయస్కాంతపు మందుపాతరలు తెచ్చి ట్యాంకుకు అంటిస్తారని జర్మన్లకు భయం పట్టుకుంది. 1943 ద్వితీయార్ధం నుంచి ఫ్యాక్టరీలోనే ట్యాంకు ఒంటికి గార లాంటి పూత పూసి, దాన్ని గీతలు గీతలుగా దిద్దేవారు. మిత్రరాజ్యాల సైన్యాలు అలాంటి మందుపాతరలను పెద్దగా వాడనేలేదు. 1944 సెప్టెంబరులో ఆ పూత ఆపేశారు. రాని ముప్పు కోసం పూసిన ఆ గారను మన కుర్రాడు ఇప్పుడు లప్పంతో, పుల్లతో, రాత్రి రెండింటిదాకా మేలుకుని టైగర్ ఒంటి మీద దిద్దుతాడు. జర్మన్ సైన్యం మానేసిన పనిని ఇంత నిష్ఠగా కొనసాగిస్తున్నది బొమ్మలు కట్టే మోడలర్లే.

ఏ సైజు కొనాలన్న ప్రశ్నకు నేను ఎక్కువ సమయం ఇవ్వను. అసలు ట్యాంకులో 35వ వంతు ఉండాలి. ఆ కొలత ఎలా వచ్చిందో తెలిస్తే భక్తి ఇంకా పెరుగుతుంది. 1960ల మొదట్లో జపాన్‌లోని షిజువోకాలో ఉన్న టమియా కంపెనీ మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు బొమ్మ చేసింది. లోపల మోటారు, బ్యాటరీలు పట్టాలి కాబట్టి పొట్ట ఆ మేరకు పెట్టారు. తర్వాత కొలిచి చూసుకుంటే అసలు ట్యాంకులో అది దాదాపు 35వ వంతు వచ్చింది. తర్వాత ప్రపంచమంతా దాన్నే అనుసరించింది. బ్యాటరీల సైజును బట్టి పుట్టిన ఈ కొలతలో ఇప్పుడు అర మిల్లీమీటరు తేడా వచ్చిందంటే పెద్దమనుషులు భోజనం మానేస్తారు. నిజం ట్యాంకు మీద అది పదిహేడున్నర మిల్లీమీటర్లు మరి! ఇంగ్లండ్‌లోని బోవింగ్టన్ మ్యూజియంలో, 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో పట్టుబడ్డ టైగర్ 131 ఇప్పటికీ నడిచే స్థితిలో ఉంది. తేడా వస్తే సరిచూసుకోవడానికి వీసా తీసుకుని వెళ్లవచ్చు. 72వ వంతు సైజులో టైగర్ ఫిరంగితో కలిపి పన్నెండు సెంటీమీటర్లకు మించదు, పుస్తకాల అరలో ఒదిగిపోతుంది, రంగు కూడా తక్కువ పడుతుంది. ఇన్ని సౌకర్యాలున్న వస్తువును నేను కళ గా గుర్తించలేను.

రంగుల విషయంలోనూ టైగరే మేలు. 1943 ఫిబ్రవరిలో జర్మన్ సైన్యం ముదురు బూడిద రంగు వదిలి మట్టి పసుపును మూలరంగుగా పెట్టుకుంది. ఆ పసుపు కచ్చితంగా ఏ ఛాయ అన్నది నలుపు తెలుపు ఫొటోలు చూసి తేల్చుకోవాలి. ఈ చర్చ మొదలైతే కిట్ తెరిచే అవసరమే రాదు. ఎవరైనా ధైర్యం చేసి తెరిచినా, మే నెలలో విజయవాడలో యాక్రిలిక్ రంగు ప్లాస్టిక్‌ను చేరేలోపు బ్రష్ మీదే ఆరిపోతుంది. ఫ్యాన్ వేస్తే ఇంకా త్వరగా ఆరిపోతుంది. ఫ్యాన్ ఆపితే మోడలర్ ఆరిపోతాడు.

కొందరు దేశభక్తులు మధ్యలో దూరి "మన ట్యాంకులు కట్టొచ్చు కదా" అంటున్నారు. ఇది ఇంకా పెద్ద కుట్ర. ఎంత పెద్దదో చూడండి. 1965 సెప్టెంబరులో పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ దగ్గర, అసల్ ఉత్తర్‌లో, పాకిస్తాన్ పాటన్ ట్యాంకులను మనవాళ్లు డజన్ల కొద్దీ తుక్కుచేశారు. జీపు మీద బిగించిన ఫిరంగితో ఆ పాటన్లను పేల్చి ప్రాణమిచ్చిన అబ్దుల్ హమీద్‌కు పరమవీరచక్ర వచ్చింది. ఆ పోరులో మన వైపు బ్రిటన్ సెంచూరియన్ ట్యాంకులతో పాటు అమెరికా షెర్మన్ ట్యాంకులు కూడా ఉన్నాయి. షెర్మన్లు నడిపింది డెక్కన్ హార్స్ రెజిమెంటు. నిజాం కాలపు హైదరాబాద్ కంటింజెంట్ గుర్రపు దళాల వారసత్వం దానిది. అంటే సికింద్రాబాద్ కుర్రాడు ఒక షెర్మన్ కిట్ కొని, ఒకే ఆకుపచ్చ పూసి, తన ఊరి చరిత్ర ఉన్న రెజిమెంటు బండిగా దాన్ని తయారుచేసుకోవచ్చు. షెర్మన్లు దాదాపు 50 వేలు తయారయ్యాయి, టైగర్లు 1,350 లోపే. కిట్ల అరల ముందు నిలబడితే మాత్రం యుద్ధంలో టైగర్లే లక్షల్లో పోరాడాయని అనిపిస్తుంది. ఈ భ్రమ మీద ఒక వ్యవస్థ నిలబడి ఉంది, దాన్ని కదిలించకండి.

అక్కడితో ఆగారా? సంగారెడ్డి పక్కన ఎద్దుమైలారంలోని ఆయుధ కర్మాగారంలో బీఎంపీ-2 వాహనం 'సారథ్' పేరుతో తయారవుతుందని, దానికి కిట్లు దొరుకుతాయని కూడా చెబుతున్నారు. (ఐఐటీ హైదరాబాద్ 2008లో తరగతులు మొదలుపెట్టింది కూడా ఆ కర్మాగారం ఆవరణలోనే. అప్పటి విద్యార్థుల్లో ఎంతమంది టైగర్లు కట్టారో!) పటాన్‌చెరు దాటితే తగిలే బండిని బొమ్మగా చేసుకుంటే థ్రిల్ ఎక్కడుంటుంది? పైగా అది సైనికులను మోసుకెళ్లే పదాతిదళ వాహనం, ట్యాంకు కానే కాదని గంటసేపు వాదించేవారు మన దగ్గర సిద్ధంగా ఉన్నారు. ఆ గంటలో బీఎంపీ అడుగుభాగం అతికించేయవచ్చని ఎవరైనా అంటే, వారిని దయచేసి చర్చలోంచి బయటికి పంపండి.

స్వదేశీ పద్ధతే కావాలంటే అర్జున్ ట్యాంకును ఆదర్శంగా తీసుకుందాం. 1974లో మొదలైన ఆ ప్రాజెక్టు నుంచి సైన్యానికి ట్యాంకులు అందడం 2004లో మొదలైంది. ముప్ఫై ఏళ్లు! నిండా ముక్కలున్న టైగర్ కిట్‌తో మన కుర్రాడు కూడా ఈ రికార్డుకు దగ్గరగా రాగలడు. మధ్యలో పెళ్లవుతుంది, పిల్లలు పుడతారు, వాళ్లు ఫిరంగి గొట్టం విరగ్గొడతారు, మళ్లీ లోహపు గొట్టం తెప్పిస్తాడు, అది వచ్చేసరికి ఇంకా మంచి టైగర్ కిట్ మార్కెట్లోకి వస్తుంది. పాతది మంచం కిందికి, కొత్తది బీరువా మీదికి.

ఇంత చెప్పినా వినని మూర్ఖులు ఉంటారు. ఖమ్మంలో ఉన్న మా బాబాయి కొడుకునే తీసుకోండి. "అన్నయ్యా, ఏది కొనను?" అని అడిగితే టైగర్ అని ఎంతో ప్రేమగా చెప్పాను. వాడు వెళ్లి పాత టమియా షెర్మన్ ఒకటి కొన్నాడు. రబ్బరు ట్రాకులు. డబ్బాలో ఇచ్చిన కాగితం చూసి వరసగా అతికించాడు. రంగు స్ప్రే డబ్బాతో కొట్టాడు. అది అమెరికా వాళ్ల ఆకుపచ్చ కంటే రెండు ఛాయలు ముదురు. అంటించే నక్షత్రం బొమ్మ (డెకాల్) కాస్త వంకరగా పడింది. టరెట్ అటూఇటూ తిప్పి చూపిస్తూ వాళ్ల నాన్న ముందు నోటితో ఫిరంగి శబ్దం కూడా చేశాడట. బాబాయి ఫోన్ చేసి "మనవాడికి ఓపిక బాగానే ఉందిరా" అని మురిసిపోయాడు. ఛాయ గురించి, నక్షత్రం గురించి నేను రెండు మాటలు చెప్పబోతే "సరేలేరా, బాగుంది కదా" అని ఫోన్ పెట్టేశాడు.

వాడు ఇప్పుడు రెండోది ఏది కొనమంటావని అడుగుతున్నాడు. మన వ్యాపకం పరువు నిలబెట్టుకోవడానికి ఇదే ఆఖరి అవకాశం. రెండే రెండు నమూనాలు తయారై ఆగిపోయిన, 188 టన్నుల జర్మన్ ట్యాంకు మౌస్ పేరు చెప్పాను. ఇంకా ఎవరికైనా వాడు ఫోన్ చేస్తే, దయచేసి అందరూ అదే చెప్పండి.